స్కేలు లేని ఫొటో

త్సియాలా పని పగుళ్లను ఫొటో తీయడం.
త్బిలిసి నగరపాలక సంస్థ మూడో అంతస్తులో కూర్చుని
ఆమె పంపినవాటికి నంబర్లు వేయడం నా పని.

గోడ మీద పగులు,
పగులు పక్కన పదిహేను సెంటీమీటర్ల స్కేలు,
తేదీ, ఇంటి నంబరు.
నియమం అంతవరకే.
నియమంలో లేనిది రెండో ఫొటో.

సొలొలాకిలో ఒక చెక్క బాల్కనీ ఒరిగిపోతోందని ఫిర్యాదు.
మొదటి ఫొటోలో కుళ్లిన దూలం, స్కేలు, అన్నీ సక్రమం.
రెండోదానిలో ఆ బాల్కనీ నీడ
ఎదుటి గోడ మీద లేసు అల్లికలా పరుచుకుని ఉంది.
లేసు అంచున ఒక పిల్లి,
ఎండ ఎంత మేర ఉందో అంత మేరకే ఒళ్లు సాచి.

గ్ల్దానీలో పదహారు అంతస్తుల కాంక్రీటు పెట్టె.
పుట్టుకతోనే ముసలిదైన భవనం.
నేనుండేది అందులోనే కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.
దాని పక్క గోడను పట్టుకుని
నేల నుంచి ఐదో అంతస్తు దాకా ద్రాక్షతీగ.
ఎవరో నాటారు, ఎవరో తాడు కట్టారు,
ఎవరి కిటికీకి అందినంత వాళ్లు కోసుకుంటారు.
త్సియాలా దాన్ని పొద్దున ఏడింటికి తీసింది.
ఆకుల్లోంచి వడకట్టుకుని దిగిన వెలుగులో
కాంక్రీటు లేతగా, తడితడిగా,
అప్పుడే నీళ్లు పోసిన పసిబిడ్డ వీపులా.

నలభై ఏళ్లుగా ఆ గోడ వారనే వస్తూ పోతూ ఉన్నాను.
అడిగితే చెత్తడబ్బా రంగు చెప్పగలను.

"ఈ రెండోవి ఎందుకు? తీసిపారెయ్" అన్నాడు
మా అధికారి నుగ్జర్.
"అలాగేనండి" అన్నాను.
ఒక ఫోల్డరు తెరిచి 'ఇతరములు' అని పేరు పెట్టాను.
ప్రభుత్వ కార్యాలయంలో
అంతకంటే భద్రమైన చోటు లేదు.

ఒక మధ్యాహ్నం ఖాచాపురి తుంచుకుంటూ అడిగాను ఆమెనే.
వేళ్లకంటిన జున్ను తుడుచుకుంటూ చెప్పింది:
"ఎదురు వెలుగులో పగులు కనబడదు, వాజా.
వెలుగు పక్క నుంచి రావాలి, గోడను రాసుకుంటూ.
దాని కోసం నిలబడతాను.
నిలబడ్డంతసేపూ కళ్లు మూసుకుని ఉండలేను కదా!"

పగులుకు అడ్డంగా గాజుముక్క అతికిస్తారు.
గోడ కదిలితే గాజు విరుగుతుంది.
మొన్నటి ఫొటోలో గాజు విరగలేదు.
అందులో సాయంత్రపు మ్త్క్వారి నది తలకిందులుగా పారుతోంది,
ఎవరో వంతెన మీద తివాచీ దులుపుతున్నారు.
'కదలిక లేదు' అని రాశాను.
నదికి ఫారంలో గడి లేదు.

మార్చిలో సొలొలాకి ఇంటిని విప్పేశారు.
ఫైలు మీద ముద్ర పడింది.
నీడ మాత్రం 'ఇతరములు'లో ఉంది,
నీడనిచ్చిన కర్ర ఏ పొయ్యిలోకి పోయిందో.
పిల్లి పక్కింటి మెట్ల మీద ఉందని చెప్పింది త్సియాలా.
అంటే, పని లేకపోయినా వెళ్లి చూసొచ్చిందన్న మాట.

గురువారం లిఫ్టులో వేయడానికి చిల్లర లేక మెట్లెక్కాను.
నాలుగో అంతస్తు దాటాక, మలుపులో,
పగిలిన అద్దం బదులు ఎవరో బిగించిన ఎర్ర ప్లాస్టిక్ రేకు.
దానిలోంచి పడ్డ వెలుగు
తుప్పు పట్టిన ఉత్తరాల పెట్టెల మీద, వరసగా,
కోసి పెట్టిన దానిమ్మ చెక్కల్లా.
సంచి కింద పెట్టాను.
ఆయాసం తగ్గేదాకా అనుకున్నాను, తగ్గాకా కదల్లేదు.

ఫోనుతో తీశాను. బొటనవేలు అడ్డొచ్చింది, చెయ్యి వణికింది.
అయినా పంపాను.

జవాబు వెంటనే వచ్చింది: "స్కేలు పెట్టలేదేం?"
బియ్యం కడుగుతుంటే ఇంకొకటి:
"అక్కడ వెలుగు ఎన్నింటికి మొదలవుతుంది?"

తెలియదు.
రేపు కాస్త ముందొచ్చి చూడాలి.